రేషన్ పాయింట్లు

ఉదయగిరిలో హన్నమ్మ ఇల్లెక్కడని ఎవరినన్నా అడగండి. "ఏ హన్నమ్మ? సూది హన్నమ్మా, రింగు హన్నమ్మా?" అని మిమ్మల్నే తిరిగి అడుగుతారు. ఇద్దరూ ఒకరే. పొద్దున పిల్లకాయలకి టీకాలేసే ఏఎన్ఎమ్ ఆవిడే, సాయంత్రం హైస్కూలు గ్రౌండులో రబ్బరు రింగు పట్టుకుని వలకి అవతల నిలబడ్డవాళ్ళకి చుక్కలు చూపించేదీ ఆవిడే. కాకపోతే సూది హన్నమ్మ అన్నారంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "సూదులు గవర్నమెంటు ఇచ్చింది, ఎవురైనా ఏస్తారు. రింగు నేను నేర్చుకున్నాను," అంటుంది.

టెన్నికాయిట్ అని పుస్తకాల్లో రాస్తారు గానీ ఈ పక్క అందరూ రింగాట అనే అంటారు. వలకి ఇటొకరు అటొకరు నిలబడాలి. వచ్చిన రింగును ఒంటిచేత్తో పట్టి, పట్టిన చేత్తోనే ఆగకుండా విసరాలి. కింద పడిందా, పాయింటు పోయింది. గాలిలో వణికిందా, అప్పుడూ పోయింది. ముందుగా ఇరవై ఒకటి చేసినవాళ్ళది ఆట. హన్నమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదువుకుంటూ నేర్చుకుంది. అన్నం గంట కొట్టినా కోర్టు వదిలేది కాదట. ఇప్పుడు యాభైకి దగ్గర పడినా ఆ మణికట్టు అట్లాగే ఉంది.

ఏటా మహిళా దినోత్సవానికి డివిజన్లోని ఆడ ఉద్యోగులందరికీ ఆత్మకూరు గ్రౌండులో ఆటల పోటీలు పెడతారు. టీచర్లు, అంగన్‌వాడీ వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు, నర్సులు అందరూ వస్తారు. రింగాటలో గెలిచినవాళ్ళకి ఉదయగిరి కొయ్యపనివాళ్ళు చెక్కిన కప్పు ఇస్తారు. ఆ కప్పులు హన్నమ్మ ఇంట్లో ఎన్ని ఉన్నాయంటే, ఒకదాంట్లో సూదీ దారాలు, ఒకదాంట్లో టీవీ రిమోటు, ఒకదాంట్లో ఎండు మిరపకాయలు. కప్పు ఆవిడకి లెక్కలేదు. మైకులో "రింగు హన్నమ్మ గారు" అని పిలుస్తారు చూడండీ, అది కావాలి. ఆ పేరు ఇంకొకరికి పోతుందంటే ప్రాణం పోయినట్టే.

చెప్పుకోవడానికి సిగ్గేముంది, హన్నమ్మకి కుళ్ళు జాస్తి. ఆదివారం చర్చిలో కరుణశ్రీ అనే పిల్ల పాట పాడితే అందరూ కళ్ళు మూసుకుని వింటారు. ఈవిడ మాత్రం, "గొంతు బానే ఉండాది. దేవుడి మీదకన్నా మైకు మీద భక్తి ఎక్కువ," అంటుంది. పక్కింటి గేదె ఈనితే వాళ్ళు జున్ను పంపిస్తారు. గిన్నె ఖాళీ చేశాక, "మా అమ్మ చేసే జున్ను ముందర ఇదేం జున్ను," అంటుంది. మొగుడు వరదయ్య ఆర్టీసీలో కండక్టరు. ఎవరెంత గొణిగినా చెవిన పెట్టకుండా టికెట్లు కొట్టడం ఉద్యోగంలో నేర్చుకున్నాడు కాబట్టి కాపురం సజావుగా సాగిపోయింది.

ఇట్లా ఉండగా, పోటీలు నడిపే హైస్కూలు పీడీ శ్రీకృష్ణ సారు ఒకరోజు వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టాడు. "ఈ సంవత్సరం రింగు పోటీ హ్యాండీక్యాప్ పద్ధతిలో జరుగును."

ఇక చూడండి రచ్చ! మన పక్క హ్యాండీక్యాప్ అంటే ఒకటే అర్థం. వికలాంగుల పింఛను. అంగన్‌వాడీ శీనమ్మ అప్పటికప్పుడు ఫోను కొట్టింది. "ఏంది సారూ, మాకు కాళ్ళు చేతులు బాగుంటే ఆడనీరా ఏంది ఈసారి?" ఇంకో టీచరమ్మ ఇంకా అమాయకంగా, సదరం సర్టిఫికెట్ జిరాక్సు చాలా, ఒరిజినల్ తేవాలా అని అడిగింది. అన్నిటికన్నా చిత్రం, ఆ బడిలోనే అటెండరు పిచ్చమ్మ. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయిన మనిషి. కుంటుకుంటూ సారు గదికి పోయి, "సారూ, ఇన్నాళ్ళకి నన్ను గూడా ఆడిస్తా ఉండారా?" అని ముఖం ఇంత చేసుకుని అడిగింది. పాపం సారు బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దాడు. చివరికి, "నువ్వు లేకుంటే స్కోరు ఎవరు రాస్తారు పిచ్చమ్మా, నువ్వే మాకు స్కోరరు," అన్నాడు. పిచ్చమ్మ దానికీ సంతోషపడింది. పడిందనే అనుకుందాం.

మర్నాడు సాయంత్రం గ్రౌండులో అందరినీ నిలబెట్టి సారు విడమర్చి చెప్పాడు. పోటీకి ముందు వారం రోజులు ఉత్తుత్తి మ్యాచులు ఆడతారు. బాగా ఆడేవాళ్ళు పోటీలో సున్నా నుంచి మొదలుపెట్టాలి. తక్కువ ఆడేవాళ్ళకి, ఎంత తక్కువైతే అన్ని పాయింట్లు ముందే ఇచ్చేస్తారు.

హన్నమ్మకి రక్తం జివ్వున తలకెక్కింది. "అంటే సారూ, నేను ఆట నేర్చుకున్నందుకు జుల్మానా కట్టాలా?"

"జుల్మానా కాదు సిస్టర్. పోయినేడు ఎంతమంది పేర్లిచ్చినారు? నలుగురు. మీరున్నారంటే మిగతావాళ్ళు రామంటా ఉండారు. ఎదర మనిషే లేకుంటే మీరు మాత్రం ఎవరి మీద గెలుస్తారు, చెప్పండి?"

"రాకుంటే వాళ్ళ ఖర్మ. ఇంట్లో కూర్చున్నోళ్ళకి రేషన్ ఇచ్చినట్టు పాయింట్లు ఇస్తారా?"

ఆ మాటకి అందరూ పకపకా నవ్వారు. హ్యాండీక్యాప్ అన్నమాట ఆ క్షణమే చచ్చిపోయింది. అప్పటినుంచి అందరి నోటా రేషన్ పాయింట్లే. పేరు పెట్టింది తనే అయినా హన్నమ్మకి ఆ నవ్వులు నచ్చలేదు. ఎందుకంటే మర్నాడు పేర్లిచ్చినవాళ్ళు గ్రౌండు నిండా ఉన్నారు.

అందులో రేణుకాదేవి ఒకతె. కలువాయి నుంచి బదిలీ మీద ఉదయగిరి మండలాఫీసుకి వచ్చిన జూనియర్ అసిస్టెంటు. నలభై లోపు మనిషి. మొదటిరోజు రింగు పట్టబోయి ముక్కు మీద కొట్టించుకుంది. రెండోరోజు వేలు బెణికింది. మూడోరోజు బెణికిన వేలికి గుడ్డ కట్టుకుని మళ్ళీ వచ్చింది. హన్నమ్మని చూసి, "అక్కా, నీ మణికట్టు ఎట్ట తిప్పతా ఉండావో కాస్త చూపించక్కా," అని వెంటబడింది. పొగిడితే ఎవరికి చేదు? హన్నమ్మ చూపించింది. తర్వాత ఆ చూపించిన చేతిని ఎన్నిసార్లు తిట్టుకుందో ఆవిడకే తెలియాలి. సారు రేణుకకి పది రేషన్ పాయింట్లు రాశాడు.

ఆత్మకూరులో పోటీ. ఫైనల్లో హన్నమ్మా రేణుకా మిగిలారు. సున్నాతో ఒకరు, పదితో ఒకరు. హన్నమ్మ సర్వీసు చేస్తే రింగు వల అంచు రాసుకుంటూ పోయి మూలలో వాలుతోంది. పది దగ్గర రేణుకని పట్టేసింది. పదిహేను దాటింది. అయినా రేణుక వదల్లా. పడుతూ లేస్తూ, చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ, ఒక్కోటి ఒక్కోటి తీసుకుంటూ వచ్చింది. ఆఖరికి ఇరవై ఒకటి రేణుక, పంతొమ్మిది హన్నమ్మ.

మైకులో, "ఈ ఏటి రింగు రేణుకమ్మ గారు!" అన్నారు.

హన్నమ్మ చెవుల్లో సీసం పోసినట్టయింది. రేణుక పరిగెత్తుకొచ్చి కాళ్ళకి దండం పెట్టబోతే, "ఉండు ఉండు, నడుం పట్టేస్తాది," అని పక్కకి జరిగింది. ఆ పిల్ల చెడ్డదైతే ఎంత బాగుండేదో! తిట్టుకోవడానికి వీలుండేది. మంచిది కావడంతో కడుపుమంట లోపలే మండాల్సి వచ్చింది.

కప్పు ఇచ్చేటప్పుడు ఇక ఆగలేకపోయింది. పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా, "సదరం క్యాంపుకి పోయి పర్సెంటేజీ రాయించుకోని వచ్చి గెలిస్తే అదీ ఒక గెలుపేనా!" అంది. పక్కన ఉన్నది పిచ్చమ్మ. స్కోరు అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. హన్నమ్మ నాలుక కరుచుకుంది.

పిచ్చమ్మ కోపం తెచ్చుకోలేదు. "నాకు పింఛను వస్తాది గదా సిస్టరమ్మా. అది తీసుకుంటే నాకు కాలు వచ్చినట్టు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా తీసుకుంటా ఉండా. నేనూ నలుగురిలో బతకాల గదా," అంది. ఆ తర్వాత అట్ట మీద గీసిన గీతలు చూపిస్తూ, "నువ్వు పంతొమ్మిదీ సొంతంగా కొట్టినావు. ఆయమ్మ సొంతంగా కొట్టింది పదకొండే. నేను చూసినాను గదా," అంది.

అదిగో, ఆ పదకొండుని పట్టుకుంది హన్నమ్మ. పిచ్చమ్మ అంతకుముందు చెప్పిన మాట గాలికి పోయింది గానీ, పదకొండు మాత్రం పోలేదు. టీకాలకి వచ్చిన తల్లులకి చెప్పింది. చర్చి మెట్ల మీద చెప్పింది. వింజమూరు బస్సులో పరిచయం లేని మనిషికి చెప్పింది. "పంతొమ్మిదికీ పదకొండుకీ ఎవురు గెలిచినట్టు? నువ్వే చెప్పు." ఆ మనిషి అది ఎన్నికల లెక్కనుకుని, "ఏ వార్డులో?" అని అడిగింది.

రేణుక ఎదురుపడినప్పుడల్లా, "దమ్ముంటే ఇద్దరం సున్నా నుంచి ఆడదాం రా మే," అనాలని నోటిదాకా వచ్చేది. ఒకసారి అననే అంది. రేణుక నవ్వి, "అమ్మో, సున్నా నుంచి నీతోనా? నా వల్ల యాడవతాదక్కా," అంది. వినయంగా అన్న ఆ మాట కూడా హన్నమ్మకి వెటకారంలాగే వినపడింది. ఆఫీసు అయిపోగానే రేణుక గ్రౌండుకి పోతోందనీ, మొగుడు రాఘవని వలకి అవతల నిలబెట్టి ఆడుతోందనీ తెలిసినప్పుడైతే రాత్రికి అన్నం సయించలేదు. రాఘవ అంటే పాపం నెమ్మదైన మనిషి. ఒకరోజు మూతి వాచిపోయి కనిపించాడు. "ఏందయ్యా అది?" అంటే, "మా ఇంట్లోవాళ్ళ రింగు ప్రాక్టీసు," అన్నాడు.

ఆ వానాకాలం రేణుకని కుక్క కరిచింది. సూదికి ఆస్పత్రికి వచ్చింది. కుక్క కరిచిందనగానే హన్నమ్మకి మొదట పుట్టింది జాలి కాదు, ఆ మాట మనలో మనం చెప్పుకుందాం. ఏ చేతికి కరిచిందో చూసింది. కాలికి. ఛ! "కుడిచేతికి వెయ్యొద్దక్కా, రింగు పట్టే చెయ్యి," అంది రేణుక. హన్నమ్మ ఎడమచేతికే వేసింది. బాగానే వేసింది, పని దగ్గర ఆవిడ తప్పు చేయదు. "నీ చేతి సూది నొప్పే తెలీదక్కా," అని రేణుక పొగిడి పోయింది. ఆ పొగడ్తకి హన్నమ్మకి ఇంకా మండింది. పొగిడేదేదో రింగుకి పొగడొచ్చు గదా!

మళ్ళీ పోటీలు దగ్గరపడ్డాయి. పోయినేడు గెలిచింది కాబట్టి రేణుకకి ఈసారి సున్నా అని సారు చెప్పేశాడు. హన్నమ్మకీ సున్నాయే వస్తుంది. అంటే ఏడాదిగా దమ్ముంటే అంటూ అడుగుతున్న ఆటే ఇది. ఒళ్ళో వచ్చి పడింది. సంతోషపడాలి కదా? పడలేదు. గ్రౌండు గోడ మీదుగా రేణుక ఆట ఒకసారి చూసొచ్చింది ఆవిడ. ఆ మణికట్టు తిప్పడం తనదే. తను నేర్పిందే. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటూ, ఓడిపోతే ఏంది పరిస్థితి అనుకుంది. పోయినేడంటే పదకొండు అని చెప్పుకోవడానికి ఉంది. ఈసారి సున్నాకి సున్నా ఆడి ఓడితే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

ఉత్తుత్తి మ్యాచుల మొదటిరోజే హన్నమ్మ కుడిభుజం పట్టేసింది. ఏఎన్ఎమ్ కదా, భుజం పట్టేస్తే మనిషి ఎట్లా ఉంటాడో ఆవిడకి తెలిసినంత ఎవరికి తెలుసు? చెయ్యి భుజం దాకా లేపి, అక్కడ ఆపి, పళ్ళు బిగించి "అబ్బా" అనాలి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోతున్నానని పక్కవాళ్ళకి చెప్పాలి. అన్నీ చేసింది. శీనమ్మ లాంటి శీనమ్మ చేతిలో ఓడింది. చేతికి వచ్చిన రింగులు రాలిపోయాయి. శ్రీకృష్ణ సారు బాధపడుతూ, "వయసు గదా సిస్టర్, ఎవురికైనా తప్పదు," అని ఏడు రేషన్ పాయింట్లు రాశాడు. వయసు అన్నమాటకి చెంప పగలగొడదామనిపించింది గానీ పట్టేసిన చెయ్యి కాబట్టి ఊరుకుంది.

మొగుడు వరదయ్య మాత్రం ఒకనాడు పెరట్లో దండెం దగ్గర నిలబడి చూశాడు. "పట్టేసిన భుజంతో దుప్పట్లు పిండి ఆరేస్తా ఉండావే హన్నా!"

"ఇంట్లో పట్టదులే. గ్రౌండులోనే పడతాది."

 వరదయ్య టికెట్ కొట్టేసినట్టు లోపలికి పోయాడు.

హన్నమ్మ లెక్క ఇది. ఆ ఏడు పాయింట్లూ అండకి ఉంటాయంతే, ఆవిడకి వాటితో పనిలేదు. ఇరవై ఒకటికి తను కొట్టాల్సింది పద్నాలుగు. ఆ పద్నాలుగూ రేణుక పది దాటకముందే కొట్టేయాలి. అప్పుడు ఏడూ తీసి పారేసినా గెలిచింది తనే. నొప్పి చేత్తోనే ఇట్ట ఆడిందే, బాగున్న చేత్తో ఇంకెట్ట ఆడేదో అని జనం అనుకుంటారు. పేరు పదింతలై తిరిగొస్తుంది.

రేణుక నువ్వులనూనెలో కర్పూరం వేసి కాచి సీసాలో పట్టుకొచ్చింది. ఇంటికొచ్చి మరీ, దగ్గర కూర్చుని, భుజానికి రాసింది. "ఇక్కడా అక్కా? ఇక్కడా?" అంటూ. ఏ నొప్పీ లేని భుజాన్ని ఎక్కడని చూపిస్తుంది హన్నమ్మ? "ఆ, ఆడనే," అంటూ వచ్చింది. నూనె వేడిగా హాయిగా ఉంది. ఆ హాయికి కూడా కోపమొచ్చింది.

ఆత్మకూరు గ్రౌండు. ఫైనల్. మళ్ళీ ఆ ఇద్దరే. పిచ్చమ్మ అట్ట మీద ఏడు గీతలు ముందే గీసి పెట్టుకుంది. హన్నమ్మ చేతికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని దిగింది.

మొదటి నాలుగు పాయింట్లు వరసగా కొట్టింది. ఇంకేం, అనుకున్నట్టే నడుస్తోంది. ఐదో రింగు ఎప్పుడూ వేసే మూలకే వేసింది. అక్కడ రేణుక చెయ్యి ముందే ఉంది. తిరిగి వచ్చిన రింగు హన్నమ్మ వేళ్ళ చివర తగిలి కింద పడింది. ఏదో పొరపాటు అనుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. ఇక అక్కడినుంచి హన్నమ్మ నటించడం మర్చిపోయింది. అబ్బా లేదు, పళ్ళు బిగించడం లేదు. ఒళ్ళంతా ఒక చెయ్యి చేసుకుని ఆడింది. హాస్టల్ రోజుల్లో కూడా అంత ఆట ఆడలేదు. దూకింది, మోకాళ్ళ మీద పడింది, లేచి పట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, "నొప్పిని లెక్కచెయ్యకుండా ఎట్ట ఆడతా ఉండాదో చూడండే!" అని ఈలలు. రేణుక పది దాటింది. పదమూడు దాటింది. పదిహేడయింది.  ఆఖరి రింగు వల అంచు తగిలి రేణుక వైపే జారిపడింది.

హన్నమ్మ ఇరవై ఒకటి. రేణుక పద్దెనిమిది.

గ్రౌండు దద్దరిల్లింది. మైకులో సారు గొంతు బొంగురుపోయింది. "మన రింగు హన్నమ్మ గారు! పట్టేసిన భుజంతో!" శీనమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. కప్పు చేతిలో పెట్టారు. ఏడాదిగా ఏ పిలుపు కోసం తిండి మానుకుందో ఆ పిలుపు వచ్చింది.  హన్నమ్మకి మాత్రం లెక్క వద్దన్నా వచ్చి ఎదురుగా నిలబడింది. ఇరవై ఒకటిలో ఏడు రేషన్. తను సొంతంగా కొట్టింది పద్నాలుగు. రేణుక సున్నా నుంచి పద్దెనిమిది. తన చెయ్యి బాగానే ఉంది. ఈ రోజు ఉన్నంత బాగా ఎప్పుడూ లేదు. ఆ సంగతి ఈ గ్రౌండులో ఒక్కరికీ తెలియదు, తనకి తప్ప.

రేణుక వచ్చి గట్టిగా వాటేసుకుంది. చెమటతో తడిసిపోయి, ఓడినా ముఖం వెలిగిపోతూ ఉంది. "అక్కా, నొప్పి చేత్తో పద్నాలుగు కొట్టినావే! చెయ్యి బాగుంటే నాకు ఒక్క పాయింటన్నా ఇచ్చేదానివా నువ్వు?"

ఎంత నిజంగా అందంటే, ఆ ముఖంలో వెతికినా వెటకారం దొరకలేదు. హన్నమ్మకి జీవితంలో ఎవరిమీదా అంత ఓర్వలేనితనం పుట్టలేదు. రేణుక మీద కాదు. రేణుక మనసులో ఉన్న ఆ నొప్పి చేతి హన్నమ్మ మీద. ఆయమ్మ ఎంత గొప్పదో!

"వచ్చే ఏడు నీ చెయ్యి బాగవుతాది గదా అక్కా," అంది రేణుక చేతులు వదలకుండా. "సారుకి నేను ఇప్పుడే చెప్పేస్తా. మనిద్దరికీ రేషన్ వద్దు. పోయినేడు నువ్వు అడిగినావే, సున్నా నుంచి ఆడదామని. నాకు అప్పుడు భయమేసింది. ఇప్పుడు ఆడాలని ఉండాది. నిజంగా ఎవురు గెలుస్తారో చూద్దాం."

పక్కనే సారు, పిచ్చమ్మ, శీనమ్మ అందరూ నిలబడి హన్నమ్మ ఏమంటుందా అని చూస్తున్నారు.

హన్నమ్మ ఎడమచేత్తో కుడిభుజాన్ని పట్టుకుంది. మెల్లగా, బాగా నొప్పిగా ఉన్నట్టు నొక్కుకుంది.

"ఇది ఇంక బాగయ్యేది కాదులే మే," అంది.